మూరోళ్ళ కథకు ఊ కొట్టినవాళ్ళు

అవ్వ కథ ముగించిన తరువాత కూడా రాతిగూట్లోంచి "ఊ" అని వినిపించింది.

ఆ రోజు ఊ కొట్టవలసినదాన్ని నేనే. కానీ నాకు గవదబిళ్ళలు వచ్చి రెండు చెంపలూ వాచి ఉన్నాయి. అమ్మ వేసిన పట్టు ఎండి బిగుసుకుపోయింది. దాని మీద పాత పంచె చింపి, దవడ కింది నుంచి నెత్తి మీదికి కట్టు కట్టారు. ఉమ్మి మింగాలన్నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "నువ్వు తల ఊపు పాపా, చాలు," అని అవ్వ ముందే చెప్పింది. ఆమె గూటికి పక్కగా, వీపు బండకు ఆనించి కూర్చుంది. ఎదురుగా నేను. కాస్త దూరంలో చెనిక్కాయ (వేరుశెనగ) కట్టె కుప్ప నీడన మా నాయన, ఆయన పక్కన గడ్డపార నేలకు ఆనించి బండలు కొట్టే మునెప్ప. నడినెత్తిన ఎండ. గుట్ట మీద గాలి లేదు, గడ్డిపోచ కదలడం లేదు. "ఇంతవరకే మాకు ఇచ్చినారు," అని అవ్వ ఏటా చెప్పే ఆఖరి మాట చెప్పి, ముక్కుపొడి కాయ కోసం రొండిన తడుముకుంది. అప్పుడు వచ్చింది ఆ ఊ. మునెప్ప చేతిలోని గడ్డపార జారి రాయికి తగిలి మోగింది. అవ్వ తల తిప్పలేదు. "ఇంకేముండాది నాయనా, అయిపోయింది గదా," అంది, నిద్రపోని పసిబిడ్డతో అన్నట్టు. మళ్ళీ ఊ.

బతుకంతా దినపత్రికలో గడిపినదాన్ని. మద్రాసులో ముందు ప్రూఫులు దిద్దాను, తరువాత కోర్టు వార్తలు రాశాను. ఎవరు విన్నారు, ఎంత దూరం నుంచి విన్నారు, విన్నదాన్ని ఆ తరువాత ఎవరికి చెప్పారు అని అడగడం నా వృత్తి నేర్పిన అలవాటు. ఈ సంగతిలోనూ అందరినీ అడిగాను, తీరిగ్గా, ఏళ్ళ మీద. నాయన గాలి అన్నాడు. మునెప్ప తనకేమీ వినబడలేదన్నాడు, కానీ ఆ తరువాత బతికినన్నాళ్ళూ మా గుట్ట ఎక్కలేదు. ఆ సమయానికి ఇంట్లో ఉన్న మా అమ్మ మాత్రం, "నువ్వే అనుంటావు, నోరు మూసుకోనీ ఊ అనొచ్చు గదా," అంది. అనవచ్చు. నేను అనలేదు. ఇన్నాళ్ళూ దీన్ని రాయకుండా ఉండడానికి కారణం, రాస్తే వార్తకు కావలసిన దినుసులు దీంట్లో లేకపోవడమే. మొన్న తమ్ముడు ఫోను చేసి, కంకర మిల్లువాళ్ళు గుట్ట అడుగుతున్నారని, ఒకసారి వచ్చి చూసి పొమ్మని అన్నాడు. వెళ్ళి చూసి వచ్చాను. అందుకని రాస్తున్నాను.

గుడియాత్తానికి ఉత్తరాన, పలమనేరు వైపు కొండలు మొదలయ్యే చోట మా పల్లె. మాది సేద్యగాళ్ళ కుటుంబం. ఎప్పుడో ఉత్తరాది నుంచి ఎద్దులు తోలుకుని వచ్చి అక్కడ ఆగినవాళ్ళం. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం. తెలుగు చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నేను తరువాత వేలూరులో నేర్చుకున్నాను. ఇప్పటికీ ఆ ఇల్లు తలుచుకుంటే ముందుగా ముక్కుకే తగులుతుంది. తెల్లవారుతూనే పులిసిన రాగి అంబలి వాసన. పొద్దెక్కితే వెనక వీధిలో మగ్గాలవాళ్ళు నూలుకు పట్టించే గంజి వాసన. సాయంత్రం అరుగుల మీద ఆడవాళ్ళు అగ్గిపెట్టెలు అతికించే మైదా జిగురు వాసన. వీటన్నిటి కింద ఎప్పుడూ సన్నగా అవ్వ ముక్కుపొడి ఘాటు. అవ్వ అంటే నాయన తల్లి. ఎవరితోనైనా ఒకే గొంతుతో మాట్లాడేది, ఎద్దుతోనైనా, మనిషితోనైనా, అడుగంటిన సంగటి కుండతోనైనా. పెరట్లో గుడ్డలు ఉతికే పెద్ద బండ మీద మాత్రం ఎన్నడూ కాలు పెట్టేది కాదు. అది గుట్ట మీది నుంచి తెచ్చిన బండ. "ఎవురింటి కప్పో అది. కప్పు మీద నిలబడతారా?" అనేది.

గుట్ట వాలులో అలాంటి ఇళ్ళు ఒకప్పుడు చాలా ఉండేవట. నాలుగు పక్కలా నాలుగు పలకబండలు నిలబెట్టి, పైన ఇంకో పెద్ద బండ కప్పిన గూళ్ళు. తూర్పు బండలో గుండ్రంగా ఒక కన్నం, చంటిబిడ్డ తల పట్టేంత. గుడియాత్తం పక్క వాటిని కుళ్ళర్ల ఇళ్ళు అంటారు, పొట్టివాళ్ళ ఇళ్ళని. కొందరు పాండవుల గుళ్ళంటారు. మా అవ్వకు అవి మూరోళ్ళ ఇళ్ళు. మోచేతి నుంచి వేలికొస దాకా ఎంతో అంత మనుషులు కనక మూరోళ్ళు. నా చిన్నతనానికే ఒకటి తప్ప అన్నీ పగిలిపోయాయి. గడపలకూ, గానుగ కిందికీ, బావి గట్లకూ పోయాయి. మిగిలిన ఆ ఒక్కటీ మా చెనిక్కాయ చేను పైభాగంలో ఉండేది. దాని కన్నం తెరిచి ఉండేది. తక్కినవాటి కన్నాలన్నీ మూసి ఉండేవట, పగలగొట్టినవాళ్ళు చెప్పారు. మూరోళ్ళలో ఒక ఇంట్లో ఆఖరి మనిషి మిగిలినప్పుడు, ఆ మనిషే లోపలి నుంచి కన్నానికి రాయి బిగించుకోవాలని వాళ్ళ కట్టుబాటు. కాబట్టి తెరిచి ఉన్న కన్నమంటే అవ్వ లెక్కలో ఒకటే అర్థం. ఇంట్లో మనుషులున్నారని.

ఏటా చెనిక్కాయ పీకి, కొత్త రాగులు దంచాక, ఒక మధ్యాహ్నం మా ఇంటి పెద్దాడది ఆ గూటి దగ్గర కూర్చుని మూరోళ్ళ కథ మూరోళ్ళకే చెప్పాలి. అదీ మా వంశానికి ఉన్న పని. రాత్రి చెప్పకూడదు, పొద్దుగూకినప్పుడు అసలే కూడదు. సాయంకాలం ఎవరి నీడ వాళ్ళ కంటే పొడుగవుతుంది కదా, మూరోళ్ళకు తమ కంటే పొడుగైనది ఏదైనా తమను వెంబడిస్తే భయమట. నీడ కాళ్ళ కిందికి వచ్చే వేళే వాళ్ళు చెవి యొగ్గుతారు. చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ కన్నంలోకి చూడకూడదు, అందుకే పక్కగా కూర్చోవడం. కన్నం ముందు పిడికెడు రాగిపిండి పెట్టాలి. ఇంటి బిడ్డ ఒకరు మాట మాటకూ ఊ కొట్టాలి. "కథంటే పెద్ద బండ పాపా. చెప్పేవాళ్ళు ఒక తట్టు పట్టుకుంటే, ఊ కొట్టేవాళ్ళు ఇంకో తట్టు పట్టుకోవాల. లేదంటే చెప్పేవాళ్ళ మీద పడతాది," అనేది అవ్వ. ఇంకో సంగతి. తక్కిన కథలన్నిటినీ ఆమె అందరిలాగే కంచికి పంపేది. మాకు కంచి అంటే ఊరికే మాటవరస కాదు, బస్సు పోయే ఊరు. అమ్మ పుట్టిల్లు ఆ దారిలోనే. కానీ మూరోళ్ళ కథను మాత్రం కంచికి పంపేది కాదు. "ఇది యాడికీ పోకూడదు. ఈడ్నే ఉండాల," అనేది.

కథ ఇది. పాలారు ఏరు ఇసుక మీదుగా కాక ఇసుకను ముంచి పారిన కాలంలో, వరద తీసిన తెల్లారి ఒడ్డున ఇసుక తిన్నెలు కదిలి వాటిలోంచి మూరోళ్ళు లేచారు. అందరికంటే ముందు లేచింది చిట్టెవ్వ. ఆమె సంతానమే ఆ కులమంతా. గుట్ట మీద కొర్ర చల్లుకున్నారు. ఒక్కో కొర్రకంకిని కోయడానికి ఇద్దరు రంపం పట్టేవాళ్ళు. కుందేళ్ళను కాడికి కట్టేవాళ్ళు. కౌజు పిట్టలను కోళ్ళలా సాకేవాళ్ళు. గుట్ట కడుపులోకి సొరంగాలు తవ్వేవాళ్ళు, బంగారం కోసం కాదు, చల్లదనం కోసం. అలా ఉండగా చిట్టెవ్వ ముసలితనంలో ఒకనాడు ఆకాశం నుంచి ఒక నిప్పు రవ్వ ఆమె చేతి మీద పడి ఆరిపోయింది. ఒక చుక్క పడితే వాన వెనక ఉన్నట్టే గదా. అగ్గివాన వస్తుందని ఆమె చెప్పి చనిపోయింది. అప్పుడు వాళ్ళు బండల ఇళ్ళు మొదలుపెట్టారు. మూరెడు మనుషులు అంత పెద్ద బండలు ఎట్లా ఎత్తారని నేను అడిగితే అవ్వ విసుక్కునేది. "అందురూ ఒక్క మాటు ఊపిరి బిగబట్టి ఎత్తినారు. నీ మాదిరి నడి మధ్యలో ప్రశ్నలు అడగలేదు."

ఇళ్ళు పూర్తయ్యాయి. అగ్గివాన రాలేదు. లోపలే పిల్లలు పుట్టారు, వాళ్ళకు పిల్లలు పుట్టారు. ఎదురుచూసినవాళ్ళు పోయి, ఎదురుచూడడం మాత్రం మిగిలింది. చివరికి కులం రెండయ్యింది. వాన వచ్చి తీరుతుందన్నవాళ్ళు పైగుట్ట పట్టారు. రాదు, కిందికి పోయి చేలు చేసుకుందామన్నవాళ్ళు దిగువ పట్టారు. నడుమ బూడిదతో గీత గీశారు. గీతకు అటువైపువాళ్ళ పేరు ఇటువైపు పలకకూడదు. పలకకపోవడంతో, ఏడాదికో పేరు చొప్పున మరిచిపోతూ వచ్చారు. చిట్టెవ్వ మునిమనవరాలు ఒకతెను గీత దాటించి పెళ్ళి చేశారు. ఆమె ఇల్లు సరిగ్గా గీత మీద పడింది. తలలు లెక్కబెట్టుకునేటప్పుడు పైవాళ్ళు ఆమెను దిగువ లెక్కలో వేశారు, దిగువవాళ్ళు పైలెక్కలో వేశారు. ఎవరూ పిలవక ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పైవాళ్ళు ఒకరొకరుగా కన్నాలు మూసుకున్నారు. దిగువవాళ్ళు ఎటు పోయారో తెలియదు. ఆ తరువాత ఎన్నాళ్ళకో మా పెద్దలు ఎద్దులు తోలుకుని వస్తే, మిట్ట మధ్యాహ్నం ఆ కన్నంలోంచి ఒక ముఖం చూసింది. నేల మీరు దున్నుకోండి, అంది. మేము మరిచిపోతా ఉండాం, మా కథ మాకు చెప్తా ఉండండి, అంది. తనకు గుర్తున్నంత చెప్పింది. ఇంతవరకే మాకు ఇచ్చినారు.

ఆ ఏడాది ఇంట్లో మాటలన్నీ తెలుగు రాష్ట్రం మద్రాసు నుంచి వేరుపడడం మీదే. నాయన గుడియాత్తం బస్టాండు దగ్గర టీ అంగట్లో పేపరు చదివించుకుని వచ్చేవాడు. అవ్వ చెనిక్కాయలు ఒలుస్తూ అడిగేది.

"ఏమంటాది రా పేపరు?"

"చీలుస్తా ఉండారంట అమ్మా. చిత్తూరు, పలమనేరు ఆ పక్కకి. మనం ఈ పక్కే."

"గుట్ట?"

"గుట్టకేం కాళ్ళుండాయా, ఆడ్నే ఉంటాది. గీత మాత్రం ఆ తట్టు కొండల మీద పోతాదంట."

"మూరోళ్ళూ ఇట్లే చేసినారు. బూడిదతో గీసినారు."

"నీ మూరోళ్ళు ఇంకా సావలేదా?"

"కన్నం తెరిచే ఉండాది గదా," అనేది అవ్వ, ఒలిచిన గింజ నోట్లో వేసుకుంటూ.

ఆ వానలకే, ఎద్దులతో నీళ్ళు తోడే మా కపిల బావి ఒక పక్క కూలింది. గోడ మళ్ళీ కట్టాలి, ఎద్దులు నిలిచే చోట పెద్ద బండలు పరవాలి. మోట లేకపోతే చెరకు లేదు. నాయన చూపు గుట్ట మీది గూటి మీద పడింది. మునెప్పతో మాట్లాడి వచ్చాడు. అవ్వ ఏడవలేదు, తిట్టలేదు, అన్నం మానలేదు. "నా కథ చెప్పుకోనీ. చెప్పినాక నీ ఇష్టం," అంది. నాయన సరేనన్నాడు. చెడ్డవాడు కాదు ఆయన. నీళ్ళు కావలసినవాడు. నాకు జ్వరం దిగేదాకా ఆగుదామని అమ్మ అంటే, మునెప్ప మళ్ళీ దొరకడన్నాడు. అలా నేను కట్టు కట్టుకుని గుట్ట ఎక్కాను.

మొదట అవ్వ చెప్పడం, నేను తల ఊపడం. చిట్టెవ్వ ఇసుకలోంచి లేచిన చోట గొంతు తడబడింది ఆమెకు. ఎదుటి నుంచి ఊ రాకపోతే చెప్పేవాళ్ళ మాట గాలిలో కాలు పెట్టినట్టుంటుంది. కౌజుల దగ్గరికి వచ్చేసరికి మొదటి ఊ వినిపించింది. సన్నగా, తేమగా, కుండలో నోరు పెట్టి అన్నట్టు. అవ్వ క్షణం ఆగి నా నోటి వంక చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె ముఖంలో భయం కనిపించి ఉంటే నేను పరుగెత్తేదాన్ని. భయం లేదు. బరువు మోసే మనిషికి రెండో చెయ్యి అందినప్పటి ముఖం అది. అక్కడి నుంచి కథ చకచకా నడిచింది. మాటకో ఊ. ముగిసినా ఊ ఆగలేదని మొదటే చెప్పాను.

అప్పుడు అవ్వ, మా ఇంట్లో అంతకుముందు ఎవరూ చేయని పని చేసింది. కథను పొడిగించింది. "ఆ నేల మేము దున్నుకున్నాం," అంది. ఊ. "రాళ్ళు ఏరినాం, చెనిక్కాయ వేసినాం." ఊ. "మా మామ పోయినాడు, మా ఆయన పోయినాడు, నేనుండా." ఊ. "దొరలు పోయినారు. మనోళ్ళే వచ్చినారు. ఇప్పుడు వాళ్ళూ గీత గీస్తా ఉండారు. మాటొక పక్క, మట్టొక పక్క." ఊ. అవ్వ పమిటతో ముఖం తుడుచుకుంది. "నాకొక కొడుకుండాడు. మంచోడే. బావి కూలిపోయింది వాడికి. నీ ఇల్లు పగలగొట్టి బావి కట్టాలని వచ్చినాడు."

ఊ రాలేదు.

అవ్వ ఎదురుచూసింది. నేను కన్నం వైపు చూడకూడదని నా కాళ్ళ కింది నీడనే చూస్తూ ఉన్నాను. కన్నం ముందు పెట్టిన రాగిపిండి మీద చీమ కూడా లేదని మాత్రం ఓరకంటికి కనిపించింది. ఎంతసేపో తెలియదు, నీడ కాళ్ళ కింది నుంచి పక్కకు జరిగింది. నాయన లేచి వచ్చాడు.

"లెయ్ అమ్మా. ఎండ."

"నడి మధ్యలో లేస్తే ఎట్లరా? ఊ రాలేదు."

"ఎవురు కొట్టాల ఊ?"

"ఎవురింటి సంగతి చెప్తా ఉండానో వాళ్ళు."

నాయన మునెప్ప కోసం వెనక్కి తిరిగాడు. మునెప్ప అప్పటికే గడ్డపార భుజాన వేసుకుని గట్టు దిగుతున్నాడు. "వేణాం సామీ, ఈ రాయి నాకు వేణాం," అంటున్నాడు, వద్దు వద్దని, వెనక్కి చూడకుండా. నాయన కేకేశాడు. "ఏమప్పా, ముసలామె కథకే భయపడతావా?" నాయన ఒక్కడే గూటి ముందు నిలబడ్డాడు. వంగి కన్నంలోకి చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు. అవ్వను రెక్క పట్టి లేపాడు, నన్ను చంకనెత్తుకున్నాడు. ఆయన చొక్కా తడిసి వీపుకు అతుక్కుని ఉంది. ఆ బావిని ఇటుకతో కట్టించాడు. అందుకోసం ఒక జత ఎద్దులు అమ్మాడు. బండ పగులుబారి ఉందని, పనికిరాదని ఊళ్ళో చెప్పాడు. నాకు తెలిసి ఆ బండలో పగులు లేదు.

మరుసటి చెనిక్కాయ పంట చేతికి రాకముందే అవ్వ పోయింది. మంచాన ఉన్నప్పుడు ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, "మొదట్నించీ చెప్పొద్దు. యాడ ఆగిందో ఆడ్నించి చెప్పాల. ఊ వచ్చినాక మిగతాది," అంది. అమ్మకు ఆ కథ రాదు. నన్ను ఆ ఏడే వేలూరులో చదువుకు వేశారు, తరువాత మద్రాసు. గుట్ట మీద కథ మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

కాట్పాడిలో రైలు దిగితే తమ్ముడి మనవరాలు వచ్చింది. అక్కడే కాలేజీలో చదువుతోంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరం చదవలేదు. నా పుస్తకాలు చూసి, "ఇవన్నీ జిలేబీల మాదిరి ఉండాయి అవ్వా," అని నవ్వింది. పల్లెలో ఇప్పుడు మగ్గాల చప్పుడు లేదు, గంజి వాసన లేదు. మా బావి ఎండి చెత్తకుండీ అయింది. నాయన కట్టించిన ఇటుక గోడ మాత్రం చెక్కుచెదరలేదు. గుట్ట అవతలి ముఖం సగం లేదు, మిల్లు తినేసింది. ఆ దుమ్ము చెట్ల మీద బూడిదలా పడి ఉంది. మా వైపు గూడు అలాగే ఉంది. అమ్మ చనిపోయిన ఏడు తాను దాని ముందు దీపం పెట్టానని, కన్నం అప్పుడు తెరిచే ఉందని, ఆ తరువాత అటు పోలేదని తమ్ముడు చెప్పాడు. తను కింద కారు దగ్గరే ఉండిపోయాడు. అమ్మడమా మానడమా, నేను దిగి వచ్చాక తేలుద్దామన్నాడు.

పక్కగా కూర్చుని బండకు వీపు ఆనించాను. అంత ఎండలోనూ బండ చల్లగా ఉంది. పిల్ల ఎదురుగా కూర్చుంది.

"ఊ అనాల్నా? ఓకే అంటే పోదా?"

"పోదు."

"సరి సరి, ఊ."

ఆగిన చోటి నుంచి మొదలుపెట్టాను. "నీ ఇల్లు పగలగొట్టి బావి కట్టాలని వచ్చినాడు. కట్టలేదు. ఎద్దులు అమ్ముకున్నాడు." పిల్ల ఊ అంది. రాష్ట్రాలు వేరయ్యాయని చెప్పాను, గీతకు అవతల మా చుట్టాల పేర్లు మా పిల్లలకు తెలియకుండా పోయాయని చెప్పాను. ఊ. నాయన పోవడం, అమ్మ పోవడం, చెనిక్కాయ చేలు బీడు పడడం. ఊ. ఇదిగో ఇప్పుడు మిల్లువాళ్ళు అడుగుతున్నారు, అన్నాను. పిల్ల ఊ అనలేదు. నా భుజం మీదుగా చూస్తోంది.

"అవ్వా, కన్నమన్నావే, యాడుండాది?"

అప్పుడు తల తిప్పి చూశాను, జీవితంలో మొదటిసారి, నేరుగా. తూర్పు బండలో కన్నం చోట గుండ్రంగా ఒక రాయి బిగిసి ఉంది. అంచు వెంట వేలు పోనిచ్చాను. సందు లేదు. కింద ఒక చోట బండ అంచు పెచ్చు ఊడి, ఆ లోపల రాయి వెనక భాగం కొద్దిగా కనిపిస్తోంది. పిల్ల ఫోను దీపం వేసి చూపించింది. రాయి కన్నంలో దూరినంత మేర సన్నం. వెనక్కి పోయేకొద్దీ వెడల్పు, కన్నం కంటే బాగా వెడల్పు. అది బయటి నుంచి ఆ కన్నంలో పట్టదు. నాలుగు గోడబండలూ, పై బండా కదిలిన జాడ లేదు. వాటి అతుకుల్లో పాత నాచు చెదరకుండా ఉంది.

తమ్ముడు మిల్లువాళ్ళకు ఇంకా జవాబు చెప్పలేదు. నన్ను అడిగాడు. నేనూ ఇంకా చెప్పలేదు.